కాలు నేలకి అందే సైకిల్

"ఎక్కడ తొక్కుతారు మేడమ్?" అని అడిగాడు షాపు కుర్రాడు.

సైకిల్ కొనబోయేవాళ్ళని ఎవరైనా ముందు అడిగేది ఇదే. తారు రోడ్డు మీదయితే హైబ్రిడ్ తీసుకోండి, మట్టిదారులూ గుట్టలూ అయితే మౌంటెన్ బైక్ తీసుకోండి, అదీ ఇదీ కావాలంటే మళ్ళీ హైబ్రిడ్డే తీసుకోండి. వారం రోజులుగా నేను చదివినవీ, చూసిన వీడియోలూ అన్నీ ఇక్కడే మొదలై ఇక్కడే ఆగాయి. "ఆఫీసుకి, అప్పుడప్పుడూ వీకెండ్..." అని ఏదో గొణిగాను. అసలు జవాబు వేరే ఉంది. నాకు సైకిల్ తొక్కడం రాదు.

ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, కొండాపూర్‌లో ఒక షాపులో, పాతికవేల రూపాయల వస్తువు ముందు నిలబడి ఆ మాట చెప్పడం నావల్ల కాలేదు. "ఒక రౌండ్ వేసి చూస్తారా?" అన్నాడు. "చున్నీ ఉంది కదా, ఇంకోరోజు వస్తా" అని బయటపడ్డాను. ఇది జూన్‌లో సంగతి.

సైకిల్ రాకపోవడం చిన్న విషయంలాగే కనిపిస్తుంది. ఈత రాకపోవడంలాగా, నీళ్ళదాకా వెళ్తే తప్ప ఎవరికీ తెలియదు. కానీ దీనికి ఒక తోక ఉంది. స్కూటీ నేర్పించే చోటికి వెళ్తే వాళ్ళు మొదట అడిగేది "సైకిల్ వచ్చా?" అనే. రాదంటే మొహాలు మారతాయి, ఫీజు పెరుగుతుంది, రోజులూ పెరుగుతాయి. నేను రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ తిరిగొచ్చాను. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ కాలేజీ బస్సు. ఉద్యోగంలో చేరాక షేర్ ఆటో, జీతం పెరిగాక క్యాబ్, పెళ్ళయ్యాక మా ఆయన బండి వెనక సీటు. ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు తీసుకెళ్తూనే ఉన్నారు. ఈ ఏడాది మా ఆఫీసు ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరానికి మారింది. ఆ నాలుగు కిలోమీటర్లకి క్యాబ్ దొరకడానికి ఇరవై నిమిషాలు, వెళ్ళడానికి ముప్ఫై. మధ్యలో డ్రైవర్ ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ? క్యాషా, ఆన్‌లైనా?" అని అడిగి క్యాన్సిల్ చేయడాలు సరేసరి. ఒకరోజు సాయంత్రం అలా మూడు క్యాన్సిల్ అయ్యాక సైకిల్ కొనాలని నిర్ణయించుకున్నాను. మా ఆయన "జిమ్ మెంబర్‌షిప్ కూడా ఇలాగే కొన్నాం" అని గుర్తుచేశాడు. నిజమే కాబట్టి ఏమీ అనలేదు.

సలహాదారులు ఇద్దరు దొరికారు.

మొదటివాడు మా టీములో కుర్రాడు. ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి వెళ్ళి మట్టి కొట్టుకుపోయి తిరిగొస్తాడు, సోమవారం స్టాండప్ మీటింగులో మోచేతి మీద బ్యాండేజీతో కనిపిస్తాడు. "బిగినర్ కదా, కళ్ళు మూసుకుని మౌంటెన్ బైక్ తీసుకోండి. లావు టైర్లు, ముందు షాకబ్జార్బర్లు. గుంటలో పడ్డా మీకు తెలీదు" అన్నాడు. గుంటలో పడ్డా తెలీదు అన్న మాట నాకు బాగా నచ్చింది.

రెండోవాడు మా తమ్ముడు. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లో ఉంటాడు, రోజూ సైకిల్ మీదే ఆఫీసుకి వెళ్తాడు. "హైబ్రిడ్ కొనక్కా. అసలిక్కడ ఏ టైపు సైకిల్ అని ఎవరూ అడగరు. నిటారుగా కూర్చుని తొక్కుకుంటూ పోతారంతే" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "నిజంగా తొక్కుతావా?" అన్నాడు. ఆ ఆగడం గురించి తర్వాత చెప్తాను.

నేను ప్రోగ్రామర్ని. భయమేస్తే ఎక్సెల్ షీట్ తెరుస్తాను. రెండు కాలమ్‌లు పెట్టి నింపడం మొదలుపెట్టాను. టైర్లు: మౌంటెన్ బైక్‌కి రెండంగుళాలు, ఆపైన, బొడిపెలు బొడిపెలుగా ఉంటాయి. గాలి ముప్ఫై నుంచి యాభై పిఎస్ఐ చాలు. హైబ్రిడ్‌కి 35 నుంచి 42 మిల్లీమీటర్ల టైరు, దాదాపు నున్నగా ఉంటుంది, గాలి ఇంకాస్త గట్టిగా కొట్టాలి. బొడిపెల టైరు మట్టిలో పట్టు ఇస్తుంది కానీ తారు మీద ఝుమ్మని చప్పుడు చేస్తూ బలం తినేస్తుంది. ముందు ఫోర్కు: చవక మౌంటెన్ బైకులకి ఉండే స్ప్రింగు ఫోర్కు ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. లేచి నిలబడి తొక్కితే మన శక్తిలో కొంత చక్రానికి చేరకుండా ఆ స్ప్రింగుని నొక్కడానికే పోతుంది. హ్యాండిల్: మౌంటెన్ బైక్‌కి ఎక్కువ వెడల్పు, రాళ్ళ మీద అదుపు కోసం. హైబ్రిడ్‌కి కాస్త తక్కువ, అంటే ఆటోకీ డివైడర్‌కీ మధ్య సందులో దూరొచ్చు (దూరకూడదనుకోండి).

గేర్ల దగ్గర కాసేపు ఆనందపడ్డాను. రెండింటి మీదా 21 గేర్లు అని గొప్పగా రాసి ఉంటుంది. ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు, మూడేళ్ళు ఇరవై ఒకటి. నేను చూసిన హైబ్రిడ్‌కి ముందు 28, 38, 48 పళ్ళు, వెనక 14 నుంచి 28 దాకా. ముందు 28 వెనక 14 వేసినా, ముందు 48 వెనక 24 వేసినా నిష్పత్తి ఒకటే, రెండు. ఇలా కలిసిపోయేవీ, చైను మరీ ఏటవాలుగా లాగబడి పనికిరానివీ తీసేస్తే ఇరవై ఒకటిలో సగం మిగిలితే ఎక్కువ. కానీ ఒక తేడా నిజంగానే ఉంది. మౌంటెన్ బైక్‌కి ముందు చిన్న చక్రం 24 పళ్ళదే. వెనక 28 వేస్తే పెడల్ ఒక చుట్టు తిప్పినా చక్రం ఒక చుట్టు పూర్తిగా తిరగదు. ఎత్తు ఎక్కడం అంత తేలిక అన్నమాట. హైదరాబాద్‌లో చదును అనుకున్న ప్రతి రోడ్డూ సైకిల్ ఎక్కాక ఎత్తేనని అప్పటికి నాకు తెలీదు కాబట్టి ఆ మార్కులు మౌంటెన్ బైక్‌కి వేయలేదు.

ఇంతలో మౌంటెన్ బైక్ ఎలా పుట్టిందో చదివాను. షీటు అక్కడ పాడైంది.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీ అని ఉంది, అందులో టమల్పైస్ అనే కొండ. 1970ల్లో అక్కడ కొంతమంది కుర్రాళ్ళు 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్ళు తీసుకొచ్చి కొండ దారుల్లో దిగేవాళ్ళు. లావు టైర్లు, మోయలేని బరువు, ఒకప్పుడు పిల్లలు తొక్కి పారేసిన సైకిళ్ళు. 1976లో పందేలు పెట్టుకోవడం మొదలైంది. ఆ సైకిళ్ళకి బ్రేకు వెనక హబ్‌లోనే ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పడుతుంది. కొండ దిగేసరికి హబ్ వేడెక్కి లోపల గ్రీజు పొగలుపొగలుగా కాలిపోయేది. మళ్ళీ కొత్త గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ అందరూ ఆ గుంపులోంచి వచ్చినవాళ్ళే. 1977లో బ్రీజ్ ఆ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేమ్ తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ తెచ్చింది, అక్కణ్ణుంచి అది షాపుల్లో దొరికే సరుకయింది.

చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది. ఈ లావు టైర్లు, ఈ స్ప్రింగులు, ఈ వెడల్పు హ్యాండిల్, ఇవన్నీ పడతామని తెలిసి కూడా కొండ దిగాలనుకున్నవాళ్ళ కోసం తయారైనవి. నేనేమో ఎప్పటికీ పడకుండా ఉండటానికి కొందామనుకుంటున్నాను. షాపువాడు ఎక్కడ తొక్కుతారని అడిగాడు, మా టీము కుర్రాడు బిగినర్ కదా అన్నాడు. నా ఎక్సెల్ షీటులో ఉన్న పద్నాలుగు వరసల్లో ఒక్కదాంట్లో కూడా భయం అనే మాట లేదు. పద్నాలుగూ దాని గురించే.

హైబ్రిడ్ పుట్టుక ఇంకా సాదాగా ఉంటుంది. ఎనభైల చివరికల్లా మౌంటెన్ బైకులు కొన్నవాళ్ళలో చాలామంది కొండ మొహం చూడకుండా ఊళ్ళోనే తొక్కుకుంటున్నారు. వాళ్ళ కోసం ఆ నిటారు హ్యాండిలే ఉంచి, చక్రాలు రోడ్డు సైకిల్‌వి పెట్టారు. కొండకి వెళ్ళం అని ఒప్పేసుకున్న సైకిల్ అది.

ఒప్పుకోనివి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉన్నాయి. ఒకరోజు లెక్కపెట్టాను. చిన్నపిల్లలవి వదిలేస్తే పదకొండు సైకిళ్ళు. అందులో తొమ్మిది మౌంటెన్ బైకులు. తొమ్మిదింటికీ గాలి లేదు. చాలావరకు 2020 లాక్‌డౌన్లో కొన్నవి. సీటు మీద దుమ్ములో పిల్లలెవరో వేలితో పేర్లు రాశారు. అందులో ఒకటి మూడో అంతస్తు ఆంటీ వాళ్ళ అబ్బాయిది, ఎమ్మెస్‌కి వెళ్ళిపోయాడు. "తీసుకో అమ్మా, తుప్పు పట్టిపోతోంది" అందావిడ. అలా నేను నేర్చుకున్నది మౌంటెన్ బైక్ మీద, కొన్నది మాత్రం హైబ్రిడ్.

పెద్దవాళ్ళు నేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పెడళ్ళు రెండూ ఊడదీసి, సీటు బాగా కిందికి దించి, కాళ్ళతో నేలని తోసుకుంటూ వెళ్ళడం. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన మొట్టమొదటి రెండుచక్రాల బండి కూడా ఇదే, దానికి పెడళ్ళు లేవు. ఊడదీసేటప్పుడు తెలిసిన సంగతి: ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. అరగంట సేపు దాన్ని నేను శాయశక్తులా బిగించాను.

ఉదయం ఐదున్నరకి సెల్లార్లో ఎవరూ ఉండరనుకున్నాను, వాచ్‌మన్ ఉంటాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి. రెండురోజులు ఏమీ అనకుండా చూశాడు. మూడోరోజు కార్లు కడుగుతూ అక్కణ్ణుంచే, "చక్రం దిక్కు చూడకుండ్రి మేడమ్, ముంగటకి చూడుండ్రి. మీరేడ చూస్తే బండి ఆడికే పోతది" అన్నాడు. చూడకుండా ఎలా? నేను చూస్తున్నది చక్రాన్ని కాదు, చక్రం కింద నేలని.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు చదువుకున్న పుస్తకం ఫ్రాన్సెస్ విల్లర్డ్‌ది, 1895లో వచ్చింది, 'ఎ వీల్ వితిన్ ఎ వీల్'. ఆవిడ అమెరికాలో మద్యపాన వ్యతిరేక ఉద్యమానికి పెద్ద నాయకురాలు. యాభై మూడేళ్ళకి సైకిల్ నేర్చుకుంది, దానికి గ్లాడిస్ అని పేరు పెట్టుకుంది. చిన్న పుస్తకం, పాఠాలు చెప్పే ధోరణి కొంచెం ఎక్కువ. ప్రతి తూలుడులోంచీ ఒక నీతి పిండుతుంది. ఆ నీతులు దాటుకుంటూ చదివితే కింద ఒక పెద్దావిడ హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని వణుకుతూ కనిపిస్తుంది. నాకు కావలసింది ఆవిడే.

సైకిల్ గురించి, అందులోనూ ఆడవాళ్ళూ సైకిలూ గురించి, మనకి దొరికే రాతల్లో స్వేచ్ఛ అన్న మాట తప్పకుండా వస్తుంది. నేనేమీ కాదనను. పి. సాయినాథ్ 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్'లో తమిళనాడు పుదుక్కోట్టై గురించి రాసిన భాగం చదివినవాళ్ళెవరూ కాదనరు. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారక్కడ. ఇబ్బంది ఏమిటంటే నా కథ అందులో పట్టదు. మాది భీమవరం. చదునైన డెల్టా నేల. మా క్లాసులో ఆడపిల్లలంతా సైకిళ్ళ మీదే వచ్చేవాళ్ళు, వరసగా ముగ్గురు నలుగురు, రోడ్డంతా మాదే అన్నట్టు. నన్ను ఎవరూ వద్దనలేదు. కొనిస్తానని నాన్న రెండుమూడుసార్లు అన్నాడు కూడా. నేనే ఎక్కలేదు.

2000లో, నాకు పదేళ్ళు. నాన్నది నల్ల సైకిల్, ఇరవై నాలుగు సైజు ఫ్రేము. సీటు మీదికి ఎక్కలేను కాబట్టి బార్ కింద నుంచి కాలు దూర్చి అర పెడలు తొక్కేదాన్ని. బాగానే తొక్కేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న నిద్రపోతుంటే సైకిల్ తీశాను. తమ్ముడు వెనకాల పడ్డాడు, క్యారియర్ మీద కూర్చోబెట్టుకున్నాను. వాడికి ఆరేళ్ళు. కాలవ గట్టు మీద వెళ్తున్నాం. వాడు సరిగ్గా పట్టుకున్నాడో లేదో చూద్దామని వెనక్కి తిరిగాను. తిరగడంతో హ్యాండిల్ కూడా తిరిగింది. గట్టు దిగువకి పోయి పడ్డాం. నాకు మోకాలు చీరుకుపోయింది. వాడికి మోచెయ్యి విరిగింది. పిండికట్టు విప్పాక కూడా ఆ చెయ్యి పూర్తిగా సాగలేదు, ఇప్పటికీ సాగదు. ఫోటోలకి నిలబడితే ఒక చెయ్యి కొంచెం వంగి ఉంటుంది. వాడి పెళ్ళి ఆల్బమ్‌లో నేను వాడి మొహం కంటే ముందు ఆ చెయ్యే చూశాను.

నాన్న ఆ రోజు అరిచింది ఒక్కసారే. తర్వాత ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నేను సైకిల్ ఎక్కకపోవడాన్ని ఇంట్లో ఎవరూ గమనించినట్టు కూడా లేదు. చదువుకునే పిల్ల కదా, బస్సు ఉంది కదా.

ఆగస్టులో, పెడళ్ళు మళ్ళీ బిగించి సెల్లార్లో రెండు రౌండ్లు తూలకుండా వేసిన రోజు తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఆరోజు ఎందుకు ఆగాడో నాకు తెలుసనుకున్నాను. "ఒరేయ్, నేను వెనక్కి తిరక్కుండా ఉంటే..." అని మొదలుపెట్టాను.

"వెనక్కి తిరగడమేంటి? గేదె కదా అడ్డం వచ్చింది" అన్నాడు.

"గేదె ఏంట్రా?"

"గట్టు మీదికి గేదె ఎక్కింది కదక్కా. నాకు భయమేసి నేనే దూకేశా. నేను దూకితే కదా నువ్వు పడ్డావు."

నాకు గేదె అస్సలు గుర్తులేదు. ఎంత ఆలోచించినా ఆ గట్టు మీద గేదె లేదు. "మరి అప్పుడే చెప్పలేదేంట్రా?" అంటే, "చెప్తే అమ్మ నన్ను కూడా తంతుంది కదా. నువ్వెలాగూ తిట్లు తింటున్నావు" అన్నాడు. ఆరేళ్ళవాడి లెక్క. తర్వాత పెద్దయ్యాక నాకు తెలిసే ఉంటుందనుకున్నాడట. మరి జూన్‌లో ఎందుకు ఆగావురా అంటే, నీకు సైకిల్ రాదన్న సంగతి అప్పుడే వెలిగింది అన్నాడు. చెయ్యి ఎలా ఉందని అడిగాను. "చలికాలం కొంచెం లాగుతుంది. ఇక్కడ హ్యాండిల్స్ ఎత్తుగా ఉంటాయి కదా, వంగిన చేతికి సరిగ్గా సరిపోతుంది" అని నవ్వాడు.

ఎవరి జ్ఞాపకం నిజమో నేను తేల్చుకోలేదు. నన్ను ఊరుకోబెట్టడానికి అప్పటికప్పుడు గేదెని పుట్టించి ఉండొచ్చు, వాడు అలాంటివాడే. నిజంగానే గేదె ఉండి ఉండొచ్చు. ఇరవై నాలుగేళ్ళు నేను ఆ వెనక్కి తిరగడాన్ని పట్టుకుని ఉన్నాను, ఇప్పుడు పక్కన ఒక గేదె వచ్చి నిలబడింది. అంతే.

సెప్టెంబర్లో మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాను. ఈసారి చున్నీ లేకుండా. "నాకు తొక్కడం వచ్చి మూడు వారాలైంది. నాకు భయం. ఏది ఎక్కితే కాలు నేలకి అందుతుంది?" అని అడిగాను. కుర్రాడు ఏమీ నవ్వలేదు. రెండు సైకిళ్ళూ చిన్న సైజు ఫ్రేములవి తెచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి చూపించాడు. వారాల తరబడి చదివినా నేను పట్టించుకోని ఒక్క కొలత అక్కడ దొరికింది.

మౌంటెన్ బైక్‌కి పెడళ్ళు తిరిగే ఇరుసు నేలనుంచి ఎక్కువ ఎత్తులో ఉంటుంది. రాళ్ళకీ దుంగలకీ పెడల్ కొట్టుకోకుండా అలా పెడతారు. సీటు ఎత్తు ఆ ఇరుసు నుంచి కొలుస్తారు: పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు దాదాపు సాగాలి, కాస్తే వంపు మిగలాలి. లేకపోతే మోకాళ్ళు నొప్పి. అంటే ఇరుసు ఎంత పైకి ఉంటే, అదే కాలికి, సీటు నేలనుంచి అంత పైకి పోతుంది. హైబ్రిడ్‌కి ఇరుసు కొంచెం కిందికి ఉంటుంది. తేడా రెండు మూడు సెంటీమీటర్లు. ఐదడుగుల ఒక అంగుళం మనిషికి ఆ రెండు సెంటీమీటర్లే కాలి బొటనవేలు నేలకి అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా. షాకబ్జార్బర్లు గుంటని మింగుతాయి. ఆగినప్పుడు కాలు పెట్టుకోవడానికి పనికిరావు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు పడేదేమో ఎక్కువగా ఆగేటప్పుడు, బయల్దేరేటప్పుడు. సిగ్నల్ దగ్గర.

కాబట్టి నాలాగా మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే. రెండింటి మీదా కాళ్ళు అటూ ఇటూ వేసి నిలబడి చూడండి. పై బార్‌కీ మీకూ మధ్య రెండంగుళాలు ఖాళీ ఉందా? సీటు మీద కూర్చుని ఒక కాలి వేళ్ళు నేలకి ఆనించగలరా? బ్రేకు మీటని రెండు వేళ్ళతో నొక్కగలరా? అది ఏ జాతి సైకిల్ అయినా సరే. తొంభై శాతం అది హైబ్రిడ్డే అవుతుందని నా నమ్మకం, కానీ ఆ తొంభై నేను వేసుకున్న అంకె. ఇంకోటి: డబ్బంతా సైకిల్‌కే ఖర్చుపెట్టకండి. ఈ కాలంలో సైకిల్ కొంటే సైకిల్ ఒక్కటే ఇస్తారు. బెల్లు, స్టాండు, మడ్‌గార్డులు, లైటు, తాళం అన్నీ విడిగా కొనాలి. నాన్న నల్ల సైకిల్‌కి చైను కవరు కూడా ఉండేది. నా హైబ్రిడ్ ఇప్పటికి రెండు ప్యాంట్లు తినింది.

అక్టోబర్లో ఒక సాయంత్రం వాన వెలిసిన రోడ్డు మీద, డ్రైనేజీ జాలీ ఊచల మధ్య ముందు చక్రం ఇరుక్కుని పడ్డాను. మౌంటెన్ బైక్ లావు టైరు అయితే అందులో దిగబడేది కాదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. అరచెయ్యి గీరుకుపోయింది. వెనకాల ఆటో ఆయన ఆపి, సైకిల్ పక్కకి తీసి, "చూసుకుని పోవాలమ్మా" అన్నాడు. లేవగానే నేను చూసింది చేతిని కాదు, వెనక్కి, క్యారియర్ వైపు. హైబ్రిడ్‌కి క్యారియర్ ఉండదు.

మర్నాడు క్యాబ్‌లో వెళ్ళాను. ఆ తర్వాతి రోజు సైకిల్ తీశాను.

నవంబర్లో మా టీము కుర్రాడి బలవంతం మీద ఔటర్ రింగ్ రోడ్ పక్కన సైకిల్ ట్రాక్‌కి వెళ్ళాను. 2023లో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు, పైకప్పంతా సోలార్ పలకలు. ఎండా లేదు, గుంటలూ లేవు, జాలీలూ లేవు. మా ఇంటినుంచి అక్కడిదాకా ఆ హైవే ట్రాఫిక్‌లో తొక్కుకుంటూ వెళ్ళే ధైర్యం లేక సైకిల్‌ని కారులో వేసుకుని వెళ్ళాం. పార్కింగ్‌లో అందరూ కార్లలోంచి సైకిళ్ళు దించుతున్నారు. ఆ రీప్యాక్ కుర్రాళ్ళు కూడా సైకిళ్ళని ట్రక్కులో వేసుకుని కొండెక్కేవాళ్ళట. ఆ ట్రాక్ మీద ఏ సైకిలైనా ఒకటే, అందుకేనేమో నాకు అంత నచ్చలేదు. నాలుగు కిలోమీటర్ల ఆఫీసు దారే నయం. క్యాబ్‌లో యాభై నిమిషాలు పట్టేది పాతిక నిమిషాల్లో వెళ్తున్నాను. ఒక ఎత్తు దగ్గర ఇప్పటికీ దిగి నడిపించుకుంటూ వెళ్తాను, అక్కడ ఆ 24 పళ్ళ చక్రం గుర్తొస్తుంది.

సీటు సంగతి. కాలు నేలకి అందాలంటే సీటు దించాలి, దించితే మోకాళ్ళు నొప్పి. మోకాళ్ళకి సరిపోయే ఎత్తులో పెడితే కాలు సరిగ్గా అందదు. హైబ్రిడ్ ఈ గొడవని తగ్గించింది, తీసెయ్యలేదు. అందుకని సీటు గొట్టం మీద మార్కర్‌తో గీతలు పెట్టుకున్నాను, అర సెంటీమీటరుకి ఒకటి. రెండు వారాలకి ఒక గీత చొప్పున లేపుతున్నాను. ఐదు గీతలు అయ్యాయి. ఉండాల్సిన ఎత్తుకి ఇంకా మూడు ఉన్నాయి.

మొన్నామధ్య టైరు తుడుస్తుంటే పక్కన 700x38C అని కనిపించింది. ఎందుకో నాన్నకి ఫోన్ చేశాను. ఆ నల్ల సైకిల్ ఇంకా పెరట్లో ఉంది. టైరు పక్కన ఏం రాసుందో చూసి చెప్పమన్నాను. కళ్ళజోడు వెతుక్కుని, టార్చి వేసుకుని వెళ్ళి, "ఇరవై ఎనిమిది ఇంటూ ఒకటిన్నర" అని చదివాడు. ఒకటిన్నర అంగుళమంటే ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు. రిమ్ములు వేరే కానీ వెడల్పు నాదీ ఆయనదీ ఒకటే. నిటారు హ్యాండిల్, పెద్ద చక్రాలు, మరీ లావూ సన్నమూ కాని టైరు. పదివారాలు షీట్లు నింపి నేను ఎంచుకున్నది, గేర్లు తీసేస్తే, అదే.

"ఎందుకమ్మా ఇప్పుడది?" అన్నాడు నాన్న.

సైకిల్ కొన్నానని, ఆఫీసుకి దానిమీదే వెళ్తున్నానని చెప్పాను. అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు. టార్చి ఆపిన చప్పుడు వచ్చింది.

"సంక్రాంతికి వస్తావుగా. టైర్లు, ట్యూబులు మార్పించి ఉంచుతాలే" అన్నాడు.

సరే అన్నాను. ఇరవై నాలుగు సైజు ఫ్రేము అది. ఇప్పుడు ఎక్కినా నాకు కాలు అందదు. నాన్నకి ఆ సంగతి చెప్పలేదు.